హీమోతో మొదలయ్యే మాటలు

జూన్ 9, సోమవారం

చంద్రపూర్ నుంచి మా ట్రస్టు నడిపే నందిత మేడం ఫోన్ చేశారు. వచ్చే నెల ఏటపల్లిలో మా ఊళ్ల ఆరోగ్య సేవికలందరికీ ఒక రోజు క్లాసు పెట్టాలట. రక్తం గురించి చెప్పాల్సింది నేనేనట. "మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే మనసులో నిలబడుతుంది మధులతా. హీమో అని మొదలయ్యేవి ఓ పది ఏరి, తెలుగులో చిన్న పుస్తకం చెయ్యి" అన్నారు.

ట్రస్టులో ల్యాబ్ టెక్నీషియన్‌ని నేనొక్కదాన్నే. మహారాష్ట్ర అంచున సిరొంచ బస్టాండు వెనక రెండు గదులు, ఒక ఫ్రిజ్, ఒక మిషన్, నేను. పదకొండేళ్లయింది. మా నాన్న ఊళ్లోవాళ్ల మిర్చి చేలల్లో కూలి చేసి నన్ను మంచిర్యాలలో చదివించాడు. ఆయన బిడ్డ ఇప్పుడు గ్రీకు మాటలు చెప్పబోతోంది. ఉంటే నలుగురికీ చెప్పి నా పరువు తీసేవాడు.

మొదటిది హీమోగ్లోబిన్. గ్రీకులో హైమా అంటే రక్తం. గ్లోబిన్ లాటిన్‌ది, చిన్న ఉండ అనే మాట నుంచి వచ్చింది. రక్తంలో ఊపిరిని మోసే ఉండ అన్నమాట. ఇది ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువు తల్లి ఒకటి ఇస్తుంది, తండ్రి ఒకటి ఇస్తాడు. ఒకవైపు నుంచే తేడా వస్తే మనిషికి ఏమీ కాదు, లోపల మోస్తాడంతే. వాళ్లకు పసుపు కార్డు. రెండువైపుల నుంచీ వస్తే కణాలు కొడవలిలా వంగిపోతాయి. వాళ్లకు ఎర్ర కార్డు. ఏ తేడా లేనివాళ్లకు తెల్ల కార్డు. పసుపు, పసుపు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డ ఎర్ర కార్డుతో పుట్టడానికి నాలుగింట ఒక పాలు అవకాశం. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

జూన్ 11

చదువుకున్నప్పటి నోట్సు కోసం అటక మీది పెట్టె దించాను. అందులో 2020 నాటి క్యాంపు పుస్తకం కూడా దొరికింది. రేగులవాయి పేజీ దగ్గర ఆగాను. అంచున పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. నా రాతే.

పెట్టె మళ్లీ పైన పెట్టేశాను. ఒకటే దుమ్ము.

జూన్ 12

హీమోస్టాసిస్. స్టాసిస్ అంటే నిలబడటం. కారుతున్న రక్తం ఆగడం. ఇవాళ్టికి ఇంతే.

జూన్ 14, శనివారం

రాసేస్తే మనసు కుదుటపడుతుందేమో. దీన్ని చదివేవాళ్లు ఎలాగూ లేరు.

2020 జనవరిలో రేగులవాయి బడిలో క్యాంపు పెట్టాం. నూట నలభై మంది వచ్చారు. ఆఖరుకు ఆరుగురు మిగిలి ఉండగా నంబర్ల స్టిక్కర్లు అయిపోయాయి. పేర్లు రాసి కానిచ్చేద్దామనుకున్నాను. ఆ ఆరుగురిలో ఇద్దరు సారక్కలు. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లే, ఇద్దరి ఇంటిపేరూ దుర్గమే. మేడారం జాతర ఏడు పుట్టిన ఆడపిల్లకు మా వైపు వేరే పేరు ఆలోచించరు. సమ్మక్క, లేకపోతే సారక్క. బయటి నుంచి వచ్చిన టెక్నీషియన్ అయితే భయపడి తండ్రి పేరు కూడా రాసుకునేవాడు. నేను ఇక్కడి దాన్ని కదా. ఇద్దరినీ లంగాలు వేసుకుని తిరిగిన నాటి నుంచీ ఎరుగుదును. ఒకరు ఆదయ్య బిడ్డ, ఒకరు మల్లయ్య బిడ్డ. నేను మర్చిపోతానా అనుకున్నాను.

ఆదయ్య బిడ్డే నాకంటే నయం. ఓణీ కొసన ఒక పోగు లాగి తన ట్యూబుకు చుట్టి, "గిది నాది అక్కా, గుర్తుకుంటది" అంది. నవ్వాను. అయినా అంచున రాసుకున్నాను: దారం ఉన్నది ఆదయ్య బిడ్డ.

దాని కిందే, మర్నాడు మిషన్ మీద చూసి రాసుకున్నది: దారం, తెలుపు. దారం లేనిది, పసుపు.

ఇవాళ ఆఫీసుకు వెళ్లి రిజిస్టరు తీశాను. మూడు రోజుల తర్వాత నా చేత్తోనే ఎక్కించాను. సారక్క, తండ్రి ఆదయ్య, పసుపు. సారక్క, తండ్రి మల్లయ్య, తెలుపు.

తిరగబడింది.

పెన్సిల్ రాతే తప్పయి ఉండొచ్చు. రిజిస్టరు రాసేటప్పుడు నాకు సరిగ్గానే గుర్తుండి ఉండొచ్చు. ఉండొచ్చు కదా.

జూన్ 15

నిన్న సగమే రాశాను.

రేగులవాయి భీమ్‌రావుది పసుపు కార్డు. అతనూ ఆదయ్య బిడ్డ సారక్కా పెళ్లి చేసుకుందామనుకున్నారు. మరుసటి ఏడు ఇద్దరూ కార్డులు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాను. భీమ్‌రావు వరండాలోకి వెళ్లి ఏడ్చాడు. ఆ పిల్ల ఏడవలేదు. "నాది మల్ల ఒక్కసారి చూస్తవా అక్కా?" అని అడిగింది. "మిషన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? నా నోరు ఊరుకోదు. తర్వాత భీమ్‌రావు ఒక్కడే కనిపిస్తే, "మీ ఊళ్లోనే మల్లయ్య బిడ్డది తెల్ల కార్డు" అని నేనే చెప్పాను. ఆమెనే చేసుకున్నాడు. వాళ్లకో పాప, భాగ్య. రెండున్నరేళ్లుంటాయి.

నాలుగేళ్లుగా ప్రతి మీటింగులోనూ ఈ కథే చెప్తున్నాను. ఒక ఎర్ర కార్డును పుట్టకుండా ఆపానని. చప్పట్లు కూడా కొట్టారు.

జూన్ 18, బుధవారం

మల్లయ్య బిడ్డ వచ్చింది, భాగ్యను ఎత్తుకుని. నేను పిలవలేదు, తనే వచ్చింది.

"జర చూడు అక్కా. మూడు దినాల సంది ఒకటే ఏడుపు. చేతులు గిట్ల ఉబ్బినయ్. ముట్టనిస్తలేదు" అంది. పాప వేళ్లు బూరెల్లా ఉన్నాయి. పాదాలు కూడా. ఈ వాపు నేను ఎన్ని పుస్తకాల్లో చూశానో, ఎంతమంది పిల్లల్లో చూశానో.

"ఎవరికైనా చూపించావా?"

"ఆర్‌ఎంపీకి చూపిస్తే సూదేసిండు. గా కొడవలి రోగం ఏమన్ననా అని అడిగిన. నా కార్డు చూసి కాదన్నడు. తల్లిది తెలుపైతే బిడ్డకు రాదు గద. నువ్వే చెప్పినవ్ గద అక్కా."

అవును, నేనే చెప్పాను.

పాప రక్తం తీశాను. రెండు రోజుల్లో చెప్తానన్నాను. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, టానిక్ తాగించమన్నాను. "నువ్వున్నవ్ గాబట్టి మాకు పరేషాన్ లేదు" అని వెళ్లిపోయింది.

ట్యూబు మీద ఈసారి అన్నీ రాశాను. పేరు, తల్లి, తండ్రి, ఊరు, నంబరు. రాసి ఫ్రిజ్‌లో పెట్టాను.

హీమోలైసిస్. లైసిస్ అంటే విప్పడం, విడదీయడం. రక్తకణాలు చితికి విచ్చిపోవడం. కళ్లు పచ్చబడతాయి. భాగ్య కళ్లు నేను సరిగ్గా చూడలేదు. వెలుతురు చాలలేదు.

జూన్ 21

పొద్దంతా కరెంటు లేదు. ట్యూబు ఫ్రిజ్‌లోనే ఉంది.

జూన్ 23

కరెంటు ఉంది.

సారక్క ఫోన్ చేసింది. "రిపోర్టు అచ్చిందా అక్కా? వాపు జర తగ్గింది." మిషన్ పాడైంది, బాగు చేసేవాడు నాగపూర్ నుంచి రావాలి అన్నాను. వాపు తగ్గిందంటోందిగా. తగ్గితే మంచిదే.

మిషన్ బాగానే ఉంది.

జూన్ 26, గురువారం

ఇవాళ పెట్టాను.

తెల్ల కార్డు మనిషి రక్తం ముందుకు పరుగెత్తి ఒక గీతై నిలబడుతుంది. పసుపు మనిషికి రెండు గీతలు, ముందొకటి, వెనకొకటి. భాగ్యకు వెనక గీత ఒక్కటే ఉంది. ముందు ఏమీ లేదు.

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అంతే.

ఎర్ర కార్డు బిడ్డ పుట్టాలంటే తల్లి కూడా మోస్తూ ఉండాలి. అంటే పెన్సిల్ రాతే నిజం.

ఎనిమిది రోజులు ఫ్రిజ్‌లో ఉన్న రక్తం కదా. మళ్లీ కొత్తగా తీసి చూడకుండా ఏదీ అనకూడదు. పద్ధతి అది.

జూలై 1

చెప్పాలి. చెప్తాను. ఎలా చెప్పాలన్నదే చూస్తున్నాను.

ఈ కార్డుల కోసం ఒక్కో ఊళ్లో ఎంత బతిమాలుకున్నామో నాకు తెలుసు. రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారని తరిమిన ఊళ్లున్నాయి. ఒక్క కార్డు తప్పని బయటపడితే పదకొండేళ్ల కార్డులన్నీ పొయ్యిలోకి పోతాయి. దానివల్ల నష్టపోయేది జనం. నా కోసం కాదు, వాళ్ల కోసమే ఆలోచిస్తున్నాను. క్లాసు కానీ. అయ్యాక మేడంతో నెమ్మదిగా మాట్లాడతాను.

నా కోసం కాదు అని రాసిన వాక్యాన్ని మళ్లీ చదివాను. కొట్టేయలేదు.

జూలై 5, శనివారం

ఏటపల్లి వెళ్లి వచ్చాను. దారంతా ఖనిజం లారీలు. చెట్ల ఆకుల మీద, బస్సు సీట్ల మీద, నా చీర మీద ఎర్ర దుమ్ము. క్లాసు దాంతోనే మొదలుపెట్టాను. "మీ చెప్పులకు అంటుకున్న ఈ దుమ్ముందే, ఇది ఇనుప రాయి. దీని పేరు హీమటైట్. రక్తంలాంటి రాయి అని గ్రీకువాళ్లు పెట్టిన పేరు. మన ఒంట్లో ఎర్రగా ఉన్నదాంట్లోనూ ఇనుమే ఉంది" అన్నాను. ముప్పై మంది ఆడవాళ్లు వంగి తమ చెప్పులు చూసుకున్నారు. చాలా బాగా చెప్పాను. సిగ్గులేని మాటే, కానీ బాగా చెప్పాను.

మొదటి వరసలో ఆదయ్య బిడ్డ సారక్క కూర్చుంది. మూడేళ్లుగా రేగులవాయి సేవిక తనే. వస్తుందని నాకు తెలియదా? తెలుసు. ఇన్ని రోజులూ డైరీలో ఆ ముక్క రాయలేదు, అంతే.

పసుపు కార్డు గురించి చెప్పేసరికి తనే లేచింది. "నాది పసుపే. నేను మనువాడుదామనుకున్నాయనది గూడ పసుపే. ఇద్దరం ఇడిసిపెట్టుకున్నం. మస్తు ఏడ్చిన. తర్వాత అచ్చిన సంబంధాలు నా కార్డు చూసి మర్రిపోయినయ్. అయితేంది, ఒక పసిపాణానికి బాధ తప్పింది గద" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే ఏమనుకుంటారు?

తర్వాత పిల్లల్లో తిల్లి, అంటే ప్లీహం, ఉబ్బితే ఎలా తెలుసుకోవాలో నేర్పాను. ఎడమ పక్కటెముకల కింద వేళ్లతో మెల్లగా ఒత్తి చూడాలి. గట్టిగా తగిలి, బిడ్డ తెల్లగా పాలిపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. రక్తమంతా తిల్లిలో చేరి చిక్కుకుపోతుంది.

బస్సు దగ్గర సారక్క నా పక్కకు వచ్చింది. "అక్కా, తెల్ల కార్డు తల్లికి ఎర్ర బిడ్డ పుడ్తదా?"

"పుట్టదు."

"మరి మా భాగ్య కండ్లు పచ్చగ ఎందుకున్నయ్?"

మా భాగ్య అంది. కామెర్లేమో అన్నాను.

జూలై 9

రేపు రేగులవాయి వెళ్తాను.

జూలై 10

వాన. రేపు.

జూలై 11

వాన.

జూలై 12

వాన తగ్గింది. రేపు ఆదివారం. సోమవారం వెళ్తాను.

జూలై 16, బుధవారం

సోమవారం పొద్దున ఆరింటికి ఫోన్. ఆదయ్య బిడ్డ.

"అక్కా, భాగ్యకు రాత్రి సంది జరమట. ఇప్పుడే పోయి చూసిన. నువ్వు చెప్పినట్టే ఒత్తి చూసిన. ఎడమ పక్క గట్టిగ తాకుతాంది. మొఖం సున్నం లెక్క తెల్లగైంది. ఏం జేద్దాం?"

జీపు మాట్లాడుకుని మంచిర్యాల బయల్దేరమన్నాను. నన్ను సిరొంచలో ఎక్కించుకున్నారు. ముందు సీట్లో భీమ్‌రావు. వెనక తల్లి ఒళ్లో పాప, పాప కాళ్లు ఇంకో సారక్క ఒళ్లో. ఇద్దరు సారక్కల మధ్య నేను కూర్చున్నాను. ప్రాణహిత వంతెన దాటాం, చెన్నూరు దాటాం, నేను నోరు తెరవలేదు. పాప ఏడవడం కూడా మానేసింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చెప్పాను, సికిల్ సెల్, ఎర్ర కార్డు కేసు అని. "తల్లిది తెల్ల కార్డు అంటున్నారు కదమ్మా, ఎలా?" అన్నాడాయన. ఒక్కోసారి మిషన్లు పొరబడతాయి అన్నాను. అవును, అదే మాట అన్నాను.

వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. పాపది బీ నెగటివ్. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదు, ఓ నెగటివ్ కూడా లేదు. కరీంనగర్ నుంచి తెప్పించాలంటే మూడు గంటలు. అంత సమయం లేదన్నాడు డాక్టరు. తల్లిదీ తండ్రిదీ ఆ గ్రూపు కాదు.

"నాది బీ నెగటివే సార్" అంది ఆదయ్య బిడ్డ. చెయ్యి చాపింది. అంతలోనే తనే వెనక్కి తీసుకుంది. "కాని నాది పసుపు కార్డు. పనికిరాదు గద."

"పనికిరాదమ్మా" అన్నాడు బ్లడ్ బ్యాంకతను. "మోసేవాళ్లది ఈ పిల్లలకు ఎక్కించం." ఫారం మడిచి పక్కన పెట్టాడు. భీమ్‌రావు బయటికి పరుగెత్తాడు, రోడ్డు మీద పోయేవాళ్లను అడగడానికి.

అక్కడ ఆ రక్తం పనికొస్తుందని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. రెండు నిమిషాలు నిలబడిపోయాను. ఇక్కడ కూడా అబద్ధమెందుకు? రెండు కాదు, ఐదు. గోడ మీద గడియారం ఉంది. అది చూస్తూనే నిలబడ్డాను.

అప్పుడు చెప్పాను. "ఆమెది తెలుపు. ఐదేళ్ల కింద కార్డులు తారుమారు చేశాను. ఈ సారక్కది ఆ సారక్కకు రాశాను. తప్పు నాది. రక్తం తీసుకోండి."

భీమ్‌రావు గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. విన్నాడు.

బ్లడ్ బ్యాంకతను నా మాట నమ్మలేదు, మంచి పని చేశాడు. తనే పరీక్ష చేసుకున్నాడు. పది నిమిషాలు పట్టింది. తెలుపే. మిగతా పరీక్షలు కూడా చేసి, సారక్కను పడుకోబెట్టి రక్తం తీశారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. గుప్పిట మూయమంటే మూసింది, తెరవమంటే తెరిచింది.

భాగ్య బతికింది. కానీ ఎడమ చెయ్యి ఎత్తడం లేదు. మెదడుకు రక్తం అందక అలా అయిందట. మళ్లీ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఈ రోగం ఉందని ముందే తెలిసి ఉంటే మందులూ టీకాలూ మొదలుపెట్టేవాళ్లం, రాత్రి జ్వరం రాగానే తీసుకొచ్చేవాళ్లు అన్నాడు డాక్టరు. మామూలుగానే అన్నాడు.

మల్లయ్య బిడ్డ నన్ను కొడుతుందనుకున్నాను, కనీసం తిడుతుందనుకున్నాను. మంచం పక్కన కింద కూర్చుని ఒకే ఒక్క మాట అడిగింది.

"మొన్న జూన్ల నా బిడ్డ రక్తం తీసినవ్ గద అక్కా. గది ఏమైంది?"

ఐదేళ్ల కిందటిది పొరపాటు. దానికి ఏదో ఒకటి చెప్పుకోగలను. జూన్‌ది పొరపాటు కాదు.

జూలై 18

నందిత మేడం వచ్చారు. అన్నీ విన్నారు. అరవలేదు. రేగులవాయిలో నూట నలభై మందికీ మళ్లీ పరీక్ష చేస్తారట, వేరే మనిషితో. తాళాలు సోమవారం ఇచ్చేయమన్నారు. నా హీమో పుస్తకం అచ్చుకు వెళ్లకుండా ఆపేశారు. ఆపేశారని బాధపడ్డాను. ఇంత జరిగాక కూడా బాధ దానికే కలిగింది చూడు.

జూలై 20, ఆదివారం

ఆఫీసు సర్దుతుంటే ఆదయ్య బిడ్డ వచ్చింది. ఒక్కతే. మంచిర్యాల నుంచి వస్తోందట, భాగ్య దగ్గర నుంచి.

"ఎట్ల ఉంది?" అన్నాను.

"బువ్వ తింటాంది. కుడి చెయ్యితోని." కుర్చీ లాక్కుని మిషన్ పక్కన కూర్చుంది. "నా రక్తం తియ్యి. నా ముందట్నే పెట్టు."

తీశాను. అంతసేపూ కదలకుండా కూర్చుని చూసింది. ఒక్క గీత, ముందు. తనకు తెలుసు ఎలా చూడాలో, నేనే నేర్పాను.

"ఆనాడు మల్ల చూడుమన్న గద అక్కా."

"అన్నావు."

"మిషన్ అబద్ధం చెప్పదన్నవ్."

"అది చెప్పలేదు. నేను చెప్పాను." క్షమించు అనే మాట నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తే ఆ మాట అనడానికి సిగ్గేసింది.

"కార్డు రాసియ్యి" అంది.

కొత్త తెల్ల కార్డు తీశాను. నంబరు వేశాను. దుర్గం సారక్క, తండ్రి ఆదయ్య, ఊరు రేగులవాయి. సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాను. సంచిలోంచి పాత పసుపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నలగకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకుంది, ఐదేళ్లూ.

తెల్ల కార్డు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చదివింది. తన పేరు, తండ్రి పేరు, రంగు. ఇరవై మూడేళ్ల పిల్ల. అవతల మంచిర్యాలలో భీమ్‌రావు తన బిడ్డ మంచం పక్కన కూర్చుని ఉంటాడు.

"ఇగ గిది ఎవలకు చూపియ్యాలె అక్కా?" అంది.

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది, నాకు తెలిసి ఉంటుందేమోనని. బస్సుకు వేళవుతోందని లేచింది.